విశాఖ కొండవాలులో పరాయి కంపను తొలగించడం ఎలా

పెరట్లో పందిరి మీద దొండపాదు దట్టంగా అల్లుకుంటే మనకు సంతోషంగా ఉంటుంది. అదే దొండ హవాయి దీవుల్లో హానికరమైన కలుపుగా ప్రభుత్వ జాబితాకెక్కింది. పసిఫిక్ మహాసముద్రంలోని సైపాన్ దీవిలోనైతే చెట్లను, కంచెలను, కరెంటు స్తంభాలను దుప్పటి పరిచినట్టు కప్పివేసింది. మన పెరట్లో దానిని అదుపులో ఉంచుతున్నది మన కూర ఒక్కటే కాదు; దాని ఆకు కొరికే పెంకుపురుగులు, కాయలో గుడ్లు పెట్టే ఈగలు, కాండంలో దూరే పురుగులు వేల ఏళ్ళుగా ఆ పాదుతో కలిసి బతుకుతున్నాయి. సముద్రం దాటినప్పుడు పాదు ఒంటరిగా వెళ్ళింది, దాని శత్రువులు ఇక్కడే ఉండిపోయాయి. తాహితి దీవికి 1937లో ఒక తోటలో అందం కోసం తెచ్చి నాటిన మికోనియా అనే పెద్ద ఆకుల చెట్టు నేడు ఆ దీవిలో దాదాపు మూడింట రెండు వంతుల నేలలో వ్యాపించి ఉంది. దాని నీడలో మరే మొక్కా మొలవలేకపోవడం, దాని వేళ్ళు లోతుకు దిగకపోవడం వల్ల వర్షాలకు అక్కడి కొండవాలులు జారిపోయే ప్రమాదం పెరిగింది.

విశాఖపట్నం దీవి కాదు. కాని కంబాలకొండ, కైలాసగిరి, యారాడ కొండ, సింహాచలం కొండల వరుస ఒకవైపు సముద్రానికి, మిగిలిన వైపుల కాలనీలకు, జాతీయ రహదారికి, పరిశ్రమలకు మధ్య చిక్కుకొని ఉన్నాయి. ఇలా చుట్టూ నగరం కమ్ముకున్న కొండకు దీవి లక్షణాలన్నీ వస్తాయి: దానిపై ఒక స్థానిక మొక్క అంతరిస్తే పక్క అడవి నుంచి విత్తనం వచ్చి చేరే దారి ఉండదు, నగరం నుంచి పరాయి విత్తనం మాత్రం లారీ టైరుకు అంటుకొని, మేక కడుపులో చేరి, పిట్ట రెట్టలో పడి ప్రతిరోజూ వస్తూనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మహావృక్షాలను కూల్చివేసినప్పుడు ఏళ్ళ తరబడి నీడలో ఉన్న నేల మీద ఒక్కసారిగా ఎండ పడింది. అలా ఎండ పడిన ఖాళీ నేలను అన్నిటికన్నా ముందు పట్టుకొనేవి ఇప్పుడు మనం చెప్పుకోబోయే మొక్కలే.

కొండ పాదంలో స్థలమున్న వారు, కాలనీ సంక్షేమ సంఘాలవారు, జాతీయ సేవా పథకం కింద శ్రమదానానికి వచ్చే కళాశాల విద్యార్థులు స్వయంగా చేయగలిగిన పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. కంప కొట్టడం ఈ పనిలో చిన్న భాగమనీ, కొట్టిన చోటికి మూడు నాలుగేళ్ళపాటు తిరిగి వెళ్ళడమే అసలు పని అనీ మొదట ఒప్పుకున్నవారే దీనికి పూనుకోవాలి. ఒక్క ఆదివారం ఉత్సాహంగా నరికి, ఫొటో తీయించుకొని వెళ్ళిపోయేటట్లయితే నరకకుండా ఉండడమే ఆ నేలకు మేలు.

మొదటి పని: ఏది కలుపో, ఏది కాదో తేల్చుకోవడం

పరదేశం నుంచి వచ్చిన ప్రతి మొక్కా శత్రువు కాదు. మిరప, టమాటా, జామ, సీతాఫలం, మన కొండల నిండా ఉన్న జీడిమామిడి అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మనిషి నాటకపోయినా, నీరు పోయకపోయినా తనంతట తాను విస్తరించి, చుట్టుపక్కల ఉన్నవాటిని చంపి ఆ చోటును ఆక్రమించేదే దురాక్రమణ మొక్క. శీతాకాలం మొదట్లో పూల ఘాటుతో ఊరంతటినీ ఇబ్బంది పెట్టే ఏడాకుల చెట్టు మీద నగరవాసులకు కోపం ఉండడం సహజమే గాని, అది మన దేశపు చెట్టే, అడవిని ఆక్రమించేది కాదు. దానిమీది ఫిర్యాదు వేరు, ఈ వ్యాసపు విషయం వేరు.

విశాఖ పరిసరాల్లో మీకు తప్పక ఎదురయ్యేవి నాలుగైదు. వీటిలో మొదటిది తలంబ్రాల మొక్క, కొన్నిచోట్ల పులికంప అంటారు, శాస్త్రీయంగా లాంటానా. దీని కాండం నలుపలకలుగా ఉంటుంది, చిన్న కొక్కెపు ముళ్ళుంటాయి, ఎదురెదురుగా వచ్చే ఆకు గరుకుగా ఉండి నలిపితే ఘాటైన వాసన వేస్తుంది, ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగుల పూలు కలిసి ఉంటాయి, కాయ పండితే నల్లగా నిగనిగలాడుతుంది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కలకత్తా వృక్షోద్యానానికి అలంకారం కోసం వచ్చిన ఈ పొద నేడు దేశంలోని అనేక అడవుల్లో ఉంది. రెండోది సర్కారు తుమ్మ: దక్షిణ అమెరికా, కరీబియన్ ప్రాంతాల చెట్టు, వంట చెరకు కోసం తెచ్చినది. 1877లో కడప జిల్లా కమలాపురంలో దీనిని నాటారు. సర్కారు నాటించింది కాబట్టి ప్రజలు ఆ పేరే పెట్టారు. మూడోది వయ్యారిభామ, కాంగ్రెసు గడ్డి అని కూడా అంటారు. క్యారెట్ ఆకును పోలిన ఆకు, చిన్న తెల్లని పూలు, నిండా పుప్పొడి. ఇది 1950వ దశకంలో దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందని భావిస్తారు. నాలుగోది క్రోమోలీనా. దీనికి మన ప్రాంతంలో అందరూ ఒప్పుకున్న తెలుగు పేరు నేను వినలేదు. ఆకు మొదట్లో నుంచి మూడు ఈనెలు త్రిశూలంలా చీలడం దీని గుర్తు. శీతాకాలంలో లేత ఊదా రంగు పూలు పూసి, ఆ తరువాత దూది వంటి కుచ్చు ఉన్న విత్తనాలను గాలిలోకి వదులుతుంది. ఇక నీటిలో గుర్రపుడెక్క సంగతి అందరికీ తెలిసినదే.

గుర్తుపట్టడంలో పొరపాటు జరిగేది పెద్ద మొక్క దగ్గర కాదు, మొలక దగ్గర. వావిలి, తంగేడు, బిల్లుడు, బలుసు మొలకలను కలుపనుకొని పీకివేసే ప్రమాదం ఉత్సాహవంతులైన స్వచ్ఛంద కార్యకర్తలతో ఎప్పుడూ ఉంటుంది. అందుకని పని మొదలయ్యే ముందు ఒక పూట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివినవారినో, కొండ మీద పశువులు కాసిన పెద్దలనో వెంటబెట్టుకొని తిరగండి. పుస్తకం చదివిన వారికన్నా మేకలు కాసినవారే మొలకను త్వరగా పోల్చుకుంటారని నా అనుభవం.

రెండో పని: అనుమతి, కాలం

కంబాలకొండ 2002 నుంచి వన్యప్రాణి అభయారణ్యం; సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది గనుక అటవీ శాఖ లిఖితపూర్వక అనుమతి లేకుండా కలుపు మొక్కను కూడా ముట్టుకోరాదు. సొంత స్థలంలోనైనా చెట్టంత ఎదిగిన దానిని కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం కింద అనుమతి కావాలేమో అధికారులను అడిగి తెలుసుకోండి. తీరం వెంట ఇసుకలో తవ్వాలనుకుంటే శీతాకాలం మధ్య నుంచి వేసవి మొదలు వరకు ఆ ఆలోచన మానుకోవాలి, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి వచ్చి గుడ్లు పెట్టే కాలమది.

కాలం విషయంలో రెండు నియమాలు చాలు. విత్తనం పక్వం కాకముందే మొక్కను తీయాలి. వేరు తీయవలసిన మొక్కను నేల మెత్తగా ఉన్నప్పుడు తీయాలి. ఈ రెండూ కలిసి వచ్చేది మన దగ్గర జూన్ రెండో పక్షం నుంచి ఆగస్టు వరకు, తొలకరి జల్లులు పడి నేల నాని, ఇంకా భారీ వర్షాలు మొదలు కాని రోజుల్లో. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాయుగుండాలు వరుసకట్టే సమయంలో కొండవాలు మీద నేలను కదపకండి. మే నెలలో ఉక్కపోతకు మనిషే నిలవలేడు, అప్పుడు సర్వే మాత్రం చేసుకోండి.

మూడో పని: ఒంటికి రక్షణ

మడమలను కప్పే గట్టి బూట్లు, పొడవు చేతుల చొక్కా, తోలు చేతి తొడుగులు తప్పనిసరి. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును సులువుగా చీల్చుకొని పాదంలో దిగుతుంది, అక్కడ చీము పట్టడం మామూలే. లాంటానా గుబురులో రక్తపింజర, నాగుపాము ఉండవచ్చు కాబట్టి చేయి పెట్టే ముందు పొడవైన కర్రతో కదిలించి కాసేపు ఆగండి. ఇలాంటి పొదల్లో ఉండే నల్లి జాతి చిన్న పురుగుల (మైట్ల) లార్వాలు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు. పని చేసిన రెండు మూడు వారాలలోగా జ్వరం తగిలినా, ఒంటిపై నల్లని పొక్కు కనిపించినా, పొదల్లో తిరిగిన సంగతి వైద్యునికి చెప్పడం మరవకండి. ఉబ్బసం, చర్మపు అలర్జీ ఉన్నవారు వయ్యారిభామ జోలికి వెళ్ళనే వద్దు.

నాలుగో పని: ఎక్కడ మొదలుపెట్టాలి

దట్టంగా ఉన్న చోట మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అక్కడ పని కనిపిస్తుంది, నలుగురూ మెచ్చుకుంటారు. నిజానికి అక్కడ చివరగా మొదలుపెట్టాలి. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కాచెల్లెళ్ళు 1960వ దశకంలో తమ ఇంటి దగ్గరి వనంలో కలుపు తీస్తూ ఒక పద్ధతిని రూపొందించారు: స్థానిక మొక్కలు బలంగా ఉన్నచోట చెదురుమదురుగా ఉన్న కలుపును ముందు తీసి, అక్కడి నుంచి దట్టమైన కలుపు వైపు నెమ్మదిగా జరగాలి, నేలను వీలైనంత తక్కువగా కదపాలి, తీసిన ఖాళీని స్థానిక మొక్కలు నింపేదాకా ముందుకు పోరాదు. మన కొండకు ఇంతకన్నా తగిన సలహా నాకు కనిపించలేదు.

అందుకోసం స్థలాన్ని 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న గళ్ళుగా తాడుతో విభజించి, ప్రతి గడికీ ఒక సంఖ్య ఇచ్చి, ఒక నోటు పుస్తకంలో దానికొక పుట కేటాయించండి. గడిలో ఎన్ని పొదలున్నాయి, వాటిపై పండిన కాయ ఉందా, స్థానిక మొక్కలు ఏమేమి మిగిలాయి అన్నవి రాసుకోండి. ఫోనులో తీసిన ఫొటోలు మంచివే గాని, ప్రతిసారీ ఒకే రాయి మీద నిలబడి, ఒకే దిక్కుకు తీస్తేనే ఏడాది తరువాత పోల్చడానికి పనికివస్తాయి. వర్షపు నీరు పైనుంచి కిందికి విత్తనాలను మోసుకువస్తుంది కాబట్టి వాలు మీద పై గళ్ళు ముందు, కింది గళ్ళు తరువాత పూర్తి చేయాలి.

ఐదో పని: లాంటానాను వేరు దగ్గర నరకడం

ఈ పొదను నేల మట్టానికి నరికితే నరికిన మోడు నుంచి పది చిగుళ్ళు వస్తాయి. తగులబెడితే చుట్టుపక్కలున్న స్థానిక మొక్కలు చచ్చి, లాంటానా మోడు మాత్రం వర్షం పడగానే మళ్ళీ లేస్తుంది. మొక్క మొత్తాన్ని వేళ్ళతో సహా పెకలిస్తే నేల గుల్లబారి, మట్టిలో నిద్రపోతున్న విత్తనాలన్నీ పైకి వస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు, ఆయన సహచరులు కార్బెట్ పులుల అభయారణ్యంలో అభివృద్ధి చేసిన పద్ధతి ఈ చిక్కులను చాలావరకు తప్పిస్తుంది. లాంటానా మళ్ళీ చిగుర్చగలిగిన కణజాలం కాండం మొదలుకు, తల్లివేరు పైభాగానికి మధ్య ఉన్న చిన్న సంధి దగ్గరే ఉంటుందనీ, దాని కింద మిగిలిన వేరుకు చిగుర్చే శక్తి లేదనీ వారు గమనించారు. కాబట్టి ఆ సంధిని పొదతోపాటు తీసివేస్తే చాలు, మిగిలిన వేరు నేలలోనే ఉండి మట్టిని పట్టి ఉంచుతుంది, కుళ్ళి ఎరువవుతుంది.

ఇద్దరు కలిసి చేస్తే ఈ పని సుళువు. ఒకరు పొడవైన కర్రకు కొక్కెం కట్టి పొద కొమ్మలను ఒకవైపుకు లాగి పట్టుకోవాలి. రెండోవారు మొదలు దగ్గర చేతితో ఆకులు, రాళ్ళు పక్కకు తీసి, సన్నని గునపంతోనో చిన్న గొడ్డలితోనో నేల పైమట్టానికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద తల్లివేరును ఒక్క దెబ్బకు, ఏటవాలుగా నరకాలి. తరువాత పొదను ఎత్తి, తలకిందులుగా, వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా, పక్కనే ఉన్న బండరాయి మీదనో మరో కంప మీదనో పెట్టాలి. వేరు నేలను తాకితే తడికి మళ్ళీ ఊనుకుంటుంది, అందుకే ఈ జాగ్రత్త. వాడిపోయి ఎండిన తరువాత కంచెకు, పొయ్యికి వాడుకోవచ్చు. కర్ణాటకలోని మలెమహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు ఈ కొమ్మలతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. ఆకులున్న కొమ్మలను పశువులకు అందేచోట వేయకండి, తింటే కాలేయం దెబ్బతిని ఎండ సోకిన చోట చర్మం పగులుతుంది.

మేము మొదటి సంవత్సరం ఈ పని నవంబరులో చేశాము. కాయలు నల్లగా పండి ఉన్నాయి. అయినా తెగువగా నరికి, కొట్టిన పొదలను తాడు కట్టి వాలు మీదుగా కింది గెడ్డ (కొండవాగు) దాకా ఈడ్చుకు వెళ్ళి అక్కడ కుప్ప వేశాము. మరుసటి జూలైలో వెళ్ళి చూస్తే ఈడ్చిన బాట పొడవునా, సుద్దతో గీత గీసినట్టు, లాంటానా మొలకలు వరుసగా లేచి ఉన్నాయి. గెడ్డ వెంట ఇంకా కిందికి, మేము ఎన్నడూ పని చేయని చోటికి కూడా చేరాయి. పండిన కాయ ఉన్న పొదను తీయక తప్పకపోతే ముందు కాయలున్న కొమ్మలను కత్తిరించి గోనెసంచిలో వేసి మూతి కట్టండి, ఆ తరువాతే మొదలును ముట్టుకోండి. పొదను కొట్టిన చోటనే ఎండనివ్వండి, ఈడ్చకండి.

మరొక హెచ్చరిక. లాంటానా పూల మీద సీతాకోకచిలుకలు వాలడం, పొదలో పిట్టలు గూడు పెట్టడం నిజమే. మరే మొక్కా లేనిచోట అవి ఉన్నదానినే ఆశ్రయిస్తాయి. గూడు కనిపించిన పొదను పిల్లలు ఎగిరిపోయేదాకా వదలండి. ఒక్క ఋతువులో కొండనంతా బోడి చేయకండి.

ఆరో పని: సర్కారు తుమ్మ, క్రోమోలీనా

సర్కారు తుమ్మ లాంటానా కన్నా మొండిది. నేల లోపల, వేరు మొదట్లో ఉబ్బుగా ఉండే ముడి నుంచి ఇది ఎన్నిసార్లైనా చిగురిస్తుంది. చేతివేలు లావున్న మొక్కలను వర్షం పడిన మరునాడు గునపంతో కనీసం 15 సెంటీమీటర్ల లోతుకు, పెద్దవాటిని 30 సెంటీమీటర్ల దాకా తవ్వి, ఆ ముడిని పూర్తిగా తీయాలి. తీయడానికి వీలు లేనంత పెద్ద చెట్లకు కాయ కాయకుండా ఏటా కొమ్మలు కొట్టి కట్టెగా వాడుకోవడమే ఆచరణసాధ్యం. దీని కాయలు తియ్యగా ఉంటాయి, మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి, విత్తనం మాత్రం వాటి కడుపులో చెడకుండా పేడతోపాటు కొత్త చోట పడుతుంది; కాబట్టి కాయలు రాలే కాలంలో ఆ చెట్ల కింద మేసిన మందను శుభ్రం చేసిన గళ్ళలోకి రానివ్వరాదు. ఈ మాట మందల యజమానులతో ముందుగానే, మర్యాదగా మాట్లాడి ఒప్పించుకోవలసినది. కాయలను ఏరి వారికే ఎండబెట్టి, పిండి చేసి ఇస్తే విత్తనం నలిగిపోతుంది, దాణా మిగులుతుంది.

మోడుకు కలుపుమందు రాయడం కొందరు సూచిస్తారు. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకాన్ని చీడల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. విశాఖ కొండల నుంచి దిగే ప్రతి గెడ్డా చివరకు ఏదో ఒక జలాశయంలోకో సముద్రంలోకో చేరుతుంది గనుక, శిక్షణ లేని చేతులతో ఆ దారి పట్టవద్దనే నేను చెబుతాను.

క్రోమోలీనాను పూత రాకముందు, అంటే అక్టోబరు లోపల, మొదలు పట్టుకొని వేరుతో లాగితే వచ్చేస్తుంది. పూత వచ్చాక కదిపితే గాలికి విత్తనం ఇవ్వడమే అవుతుంది.

ఏడో పని: వయ్యారిభామ

ఒక్క మొక్క పది వేలకు పైగా విత్తనాలు ఇవ్వగలదు. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాలకే పూతకు వస్తుంది. వర్షాలు మొదలైన నాలుగో వారంలోగా ఒకసారి, అక్టోబరు వానల తరువాత మరొకసారి, తడి నేల మీద తొడుగు వేసుకున్న చేతులతో వేరుతో సహా లాగండి. దేశమంతటా వ్యవసాయ పరిశోధన సంస్థలు ఆగస్టు 16 నుంచి 22 వరకు ఈ మొక్క గురించి అవగాహన వారం జరుపుతాయి. కళాశాలలకు ఆ తేదీలు అనుకూలం, మన నేలకు కూడా ఆ సమయం పూర్తిగా ఆలస్యం కాదు. పూత రాని మొక్కలను గుంతలో వేసి కంపోస్టు చేయవచ్చు. పూత వచ్చినవాటిని కంపోస్టులో కలపకండి. ఆ ఎరువు వేసిన ప్రతి కుండీలో మళ్ళీ మొలుస్తాయి.

రోడ్డు పక్కన, గోడల వెంట, వేరే మొక్కలేవీ అక్కరలేని చోట లీటరు నీటికి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండలో పిచికారీ చేస్తే మొక్క మాడిపోతుంది. దీనిని తోటలో, గెడ్డ ఒడ్డున చేయకండి, నేల చవుడు పడుతుంది. తగిరిస విత్తనాలు దట్టంగా చల్లితే అది ఎదిగి వయ్యారిభామను అణచివేస్తుంది. బంతి కూడా ఇదే పని చేస్తుంది. బంతి సైతం మెక్సికో నుంచి వచ్చినదే గాని, అది మనం నాటినచోట ఉంటుంది. వర్షాకాలంలో ఆకులను జల్లెడలా తినివేసే, వీపుపై ముదురు గీతలున్న లేత రంగు పెంకుపురుగు ఈ మొక్క మీద కనిపిస్తే దానిని చంపకండి. 1980వ దశకంలో మెక్సికో నుంచి ఈ కలుపు కోసమే తెచ్చి, పరీక్షించి వదిలిన పురుగు అది.

చాలా లేఅవుటుల్లో జేసీబీతో నేలను గీకించి శుభ్రం చేశామనుకుంటారు. గీకిన నేల వయ్యారిభామకు సిద్ధం చేసిన నారుమడి. రెండు వర్షాలకు తిరిగి చూడండి, మరేదీ కనిపించదు.

ఎనిమిదో పని: గుర్రపుడెక్క ఉన్న చెరువు

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అసలు పని చెరువులో కాదు, చెరువులోకి వచ్చే మురుగు కాలువలో ఉంది. అనుకూలమైన కాలంలో రెండు వారాలకు రెట్టింపు కాగల ఈ మొక్కకు మురుగునీటిలోని నత్రజని, భాస్వరం ఆహారం. ఆ మురుగును ఆపకుండా ఎన్నిసార్లు తీసినా ఖర్చే మిగులుతుంది. తీసేటప్పుడు వెదురు బొంగులను తాడుతో కట్టి తెప్పలా అడ్డం వేసి, మొక్కలను గాలి వీచే దిక్కున ఒక మూలకు చేర్చి, అక్కడి నుంచి గట్టు మీదికి లాగాలి. గట్టు అంచున వదిలితే తరువాతి వానకు మళ్ళీ నీటిలోకే జారుతుంది కాబట్టి నీటి మట్టానికి దూరంగా, ఎత్తుగా కుప్ప వేసి ఎండనివ్వాలి. బరువులో అధికభాగం నీరే గనుక కొద్దిరోజుల్లో కుప్ప కుంగిపోతుంది. విత్తనం చెరువు బురదలో పదిహేనేళ్ళకు పైగా బతికి ఉండగలదు, అందువల్ల నీరు అడుగంటిన వేసవిలో ఒడ్డు బురద మీద లేచే మొలకలను కూడా ఏరండి.

తొమ్మిదో పని: ఖాళీని నింపడం

కంప తీసిన చోట వెంటనే మొక్కలు నాటాలనే తొందర వద్దు. ఒక వర్షాకాలం ఆగి ఏమి లేస్తుందో చూడండి. లాంటానా నీడలో ఏళ్ళుగా ఎదగలేక నలిగిన తంగేడు, వావిలి, పాలకొడిసె, బలుసు మొలకలు ఎండ తగలగానే లేవడం మీరే చూస్తారు. అలా వచ్చినది నాటినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. చుట్టూ విత్తనమిచ్చే చెట్లు మిగలని గళ్ళలోనే నాటవలసి ఉంటుంది. కొండవాలుకు బిల్లుడు, రేల, మోదుగ, నేరేడు, వెలగ. గెడ్డ ఒడ్డుకు కానుగ, మేడి. మట్టి కోసుకుపోయే అంచులకు వట్టివేరు. తీరపు ఇసుకలో ఊదాపూల బాలబంద తీగ, రావణాసురుడి మీసం అనే ముళ్ళగడ్డి, వాటి వెనుక మొగలి, పొన్న ఉండాలి. మొక్కలను కొనబోయినప్పుడు నర్సరీలో దొరికేవి ఎక్కువగా అలంకారపు మొక్కలే; ముందు సంవత్సరమే ఆ కొండ మీది విత్తనం సేకరించి సంచుల్లో పెంచుకోవడం మంచిది. నర్సరీలలో రంగురంగుల కుండీ లాంటానా కూడా అమ్ముతారు. కొని ఇంటి ముందు పెట్టుకున్నవారు కొండ మీద కలుపు తీయడానికి రావడం నేను చూశాను, వారితో నవ్వుతూనే ఈ సంగతి చెప్పాను.

భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం ఈ పద్ధతులేవీ వర్తించవు. వేల ఏళ్ళలో గాలి, నీరు పేర్చిన ఆ ఇసుకమట్టిలో గునపం దిగితే ఒక్క వానకే వాగు తెగుతుంది. అక్కడ కలుపు కనిపించినా చేయి పెట్టక, ఎక్కడ ఏమి ఉందో రాసి సంబంధిత అధికారులకు ఇవ్వడమే సరైన పని.

పదో పని: తిరిగి వెళ్ళడం

తీసిన ఆరు వారాలకు మొదటి తనిఖీ. ఆ సంవత్సరమంతా వర్షం పడే నెలల్లో నెలకొకసారి. రెండో, మూడో సంవత్సరాల్లో జూలైలో, సెప్టెంబరులో, డిసెంబరులో. మొలక నాలుగు ఆకుల దశలో ఉంటే రెండు వేళ్ళతో వస్తుంది, మోకాలెత్తు పెరిగితే గునపం కావాలి, కాయ కాస్తే మొదటికి వస్తుంది. గడి అంతా సమానంగా వెతకనక్కరలేదు. పిట్టలు వాలే చెట్టు కొమ్మల కింద, నీరు పారే చాలు వెంట, మనుషులు నడిచే బాట పక్కన ముందు చూడండి, మొలకలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ప్రతి తనిఖీకి ఇద్దరి పేర్లు ముందే రాసి పెట్టుకోండి. అందరి బాధ్యత అన్న చోట ఎవరూ రారు. ఎన్ని మొలకలు తీశారో ఆ గడి పుటలో తేదీతో రాయండి. సంఖ్య తగ్గకపోతే పైన ఎక్కడో కాయలున్న పొద మిగిలి ఉందని అర్థం, దానిని వెతకండి.

మూడో వర్షాకాలం ముగిసేసరికి వరుసగా రెండు తనిఖీల్లో ఒక్క మొలకా దొరకని గడిని నెలవారీ జాబితా నుంచి తీసి, ఏడాదికొకసారి చూసే జాబితాలో చేర్చి, ఆ తీరికను పక్కనున్న దట్టమైన గడికి మళ్ళించండి. పుస్తకం నుంచి మాత్రం ఆ గడి పుటను చింపవద్దు, పక్క కొండ మీద నల్లని పండు తిన్న పిగిలిపిట్ట సాయంత్రానికి మీ రేలచెట్టు మీదే వాలుతుంది.